‘లే ఆఫ్’: ఒక ఇంగ్లీషు క్రియ, దాని అర్థాలు

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు విద్యార్థిని ఏడిపించేవి పెద్ద పెద్ద మాటలు కావు. పెద్ద మాటకు నిఘంటువులో ఒక అర్థమో రెండర్థాలో ఉంటాయి. బట్టీ పడితే సరిపోతుంది. ప్రాణం తీసేవి చిన్న మాటలు. గెట్, పుట్, టేక్, టర్న్, లే వంటి పొట్టి క్రియలకు అప్, ఆఫ్, అవుట్, డౌన్ అనే తోకలు తగిలిస్తే, క్రియ ఒక దారిన, తోక ఇంకొక దారిన పోయి, అర్థం మూడోచోట తేలుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఇంగ్లీషు చెప్పిన నేను ఈ తోకల విషయంలో పిల్లలకిచ్చిన సూత్రం ఒక్కటే: సూత్రం లేదు.

ఇది ఇంగ్లీషువాడికే అంటిన జబ్బు కాదు. మనకూ ఉంది. ‘దాచిపెట్టు’లో పెట్టడం కొంతైనా కనబడుతుంది. ‘తిట్టిపోయు’లో పోసేదేమిటి? ‘ఎత్తిపొడుచు’లో ఎత్తడమూ లేదు, పొడవడమూ లేదు. అయినా ఆ మాట తగిలినవాడికి పోటు తగిలినట్టే ఉంటుంది. ఈ సంగతి చెబితే పిల్లలకు ఇంగ్లీషు మీద కోపం కాస్త తగ్గేది.

ఈ వ్యాసంలో అటువంటి క్రియల్లో ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. అది ‘లే ఆఫ్’. దీన్ని ఎంచుకోవడానికి కారణం భాషాశాస్త్రం మీద మోజు కాదు. ఈ మాటకు నేను ఒకప్పుడు తప్పు అర్థం చెప్పాను. ఆ తప్పుకు ఖరీదు చెల్లించింది మాత్రం నేను కాదు.

ముందు క్రియను చూద్దాం. ఇంగ్లీషులో ‘లై’ అంటే పడుకొను, పడి ఉండు. ‘లే’ అంటే పడుకోబెట్టు, పరుచు, పేర్చు, పెట్టు. మేస్త్రీ ఇటుకలు పేర్చినా, నేల మీద తివాచీ పరిచినా, కోడి గుడ్డు పెట్టినా అన్నింటికీ ‘లే’ అనే అంటారు. ‘లై’ తనంతట తాను చేసే పని. ‘లే’కు మాత్రం ఒక కర్మ కావాలి. పెట్టేవాడొకడు, పెట్టబడేదొకటి ఉండాలి. ‘ఆఫ్’ అంటే దూరంగా, విడిగా, ఆగిపోయి. రెండూ కలిపితే ‘తీసి విడిగా పెట్టు’ అని స్థూలంగా వస్తుంది. ఇంతవరకు తేలికే. ఇక్కడి నుంచే దారులు చీలిపోతాయి.

వడ్రంగులు, ఓడలు కట్టేవాళ్ళు ఈ మాటను కొలత గుర్తు పెట్టడమనే అర్థంలో వాడతారు. కాగితం మీది గీతను కొలిచి చెక్క మీదికో ఇనుప రేకు మీదికో దించడం వాళ్ళ ‘లే ఆఫ్’. అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులకు అది నాటేముందు నాగలితో చాళ్ళు గుర్తు తీయడం. నావికుల భాషలో ఓడను ఒడ్డుకు తగలకుండా దూరంగా నిలుపుకోవడం. రంగులు వేసేవాళ్ళ సంగతి మరీ ముచ్చటైనది. తలుపుకు రంగు పట్టించాక, రంగు దాదాపు లేని బ్రష్షు కొసతో పైపైన ఒకే వైపుకు లాగి బ్రష్షు జాడలు కనబడకుండా చేస్తారే, దాన్ని ‘లే ఆఫ్’ అంటారు. మన పెయింటర్లూ ఆ పని చేస్తారు. దానికి తెలుగులో ఏమంటారని ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ‘ఫినిషింగు’ అన్నారు. గుర్రప్పందాల బుకీలు తమ మీద పడిన పందెం భారం కొంత ఇంకొక బుకీ మీదికి తోసేస్తే అదీ ‘లే ఆఫే’. ఫుట్‌బాల్ ఆటగాడు బంతిని తన దగ్గర ఉంచుకోకుండా మెల్లగా పక్కవాడికి తోస్తే అదీ అంతే. డాక్టరు సిగరెట్లు మానమన్నప్పుడు ఇదే క్రియ. విసిగిపోయినవాడు ‘నా జోలికి రాకు’ అనేటప్పుడూ ఇదే.

ఈ అర్థాలను ఒక తీగ మీద గుచ్చాలని చూసేవాళ్ళున్నారు. అన్నింటిలోనూ ‘తన నుంచి ఎడంగా ఉంచడం’ అనే భావం ఉందంటారు. ఉందనుకుంటే ఉంది. కానీ ఆ తీగ పట్టుకుని వెళ్ళినవాడికి, ఒక అపరిచిత వాక్యంలో ఈ మాట ఎదురైనప్పుడు అది చాళ్ళు తీయడమో ఉద్యోగం పోవడమో తేలదు. అది తేల్చేది మాట కాదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ అన్న పరిస్థితి తేల్చాలి.

ఇక మనకు కావలసిన అర్థం. పనివాణ్ణి పనిలోంచి ఆపడం. ఈ అర్థం అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధానికి బాగా వాడుకలోకి వచ్చింది. మొదట్లో ఇది తాత్కాలికపు మాట. గిరాకీ లేని రోజుల్లో మనుషుల్ని ఇంటికి పంపి, గిరాకీ రాగానే పిలవడం. మోటారు కార్ల ఫాక్టరీలలో ఏటా కొత్త నమూనాకు యంత్రాలను మార్చేటప్పుడు వారాల తరబడి కార్మికులు ఇళ్ళలో ఉండేవారు. ఆ తరువాత పాత గేటుకే తిరిగి వెళ్ళేవారు. ఆ వారాల్లో ఏం తిని బతకాలన్న ప్రశ్నను అమెరికా ఆటో కార్మికుల సంఘం బేరం బల్ల మీదికి తెచ్చింది. నిరుద్యోగ భృతికి అదనంగా కంపెనీ నిధి నుంచి కొంత ఇచ్చేటట్టు 1955లో ఫోర్డు కంపెనీతో ఒప్పందం సాధించింది. అంటే ఆ రోజుల్లో ‘లే ఆఫ్’లో తిరిగి పిలుస్తారన్న ఆశ ఇమిడి ఉండేది. అది దయ కాదు. కార్మికులు పోరాడి ఆ మాటలో నిలబెట్టుకున్న అర్థం.

తరువాతి దశాబ్దాలలో ఆ అర్థం అరిగిపోయింది. ఇవాళ అమెరికాలో ఎవరైనా ‘లే ఆఫ్’ అంటే తిరిగి పిలుస్తారని ఎవరూ అనుకోరు. పాత అర్థం కాగితాల మీద అక్కడక్కడ మిగిలింది. పెద్ద సంఖ్యలో ఉద్యోగులను తీసేసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలని 1988లో అక్కడొక చట్టం చేశారు. 100 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు అది వర్తిస్తుంది. అందులో, 6 నెలలు మించిన ‘లే ఆఫ్’ను ఉద్యోగం పోయినట్టు లెక్కించాలని ఉంది. 6 నెలల లోపల పిలవవచ్చునన్న ఊహ ఆ వాక్యంలో ఇంకా బతికే ఉంది, జనం నోట చచ్చిపోయినా. బ్రిటనులో మాత్రం శాశ్వతంగా తీసేయడానికి వేరే మాట ఉంది, ‘రిడండెంట్’. మిగిలిపోయినవాడు, అదనపువాడు అని. వినడానికి ఇదేమీ మెరుగు కాదు గాని, కనీసం రెండు పనులకు రెండు మాటలున్నాయి.

ఇక నా తప్పు సంగతి.

1981లో ఉత్తరాంధ్రలో ఒక జనపనార మిల్లున్న ఊళ్ళో నేను హైస్కూలు మాస్టరుని. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. నేను అద్దెకున్న వీధిలో సగం ఇళ్ళు మిల్లు కార్మికులవే. ఒక సాయంత్రం ఎదురింటాయన ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గేటుకు అంటించిన ఇంగ్లీషు నోటీసును ఎవరో కుర్రవాడు అక్షరం అక్షరం చూసి దించిన కాపీ అది. గోగునార సరఫరా లేనందువల్ల ఫలానా తేదీ నుంచి ఫలానా ఖాతా కార్మికులను ‘లే ఆఫ్’ చేయడమైనదని దాని సారాంశం.

‘ఏటి మాస్టారూ, దీనర్థం?’ అన్నాడు.

నేను నిఘంటువు తెరిచాను. వరసగా ఉన్న అర్థాల్లో ‘పని నుండి తొలగించు’ అన్నది నాకు సందర్భానికి సరిపోయినట్టు కనబడింది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ‘తీసేశారు’ అన్నాను.

ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయాడు. మర్నాడు భార్యను, పిల్లల్ని తీసుకుని కూలిపని కోసం అత్తవారి ఊరు పోయాడు. పదహారు రోజుల తరువాత మిల్లు మళ్ళీ నడుస్తోందని ఎవరో చెబితే తిరిగొచ్చాడు. ఆయన పేరు మస్టరులో అలాగే ఉంది. పని ఇచ్చారు. కానీ జీతం రోజున తోటివాళ్ళందరికీ ఆ పదహారు రోజులకు సగం జీతం వచ్చింది. ఆయనకు రాలేదు. గేటు దగ్గర హాజరు లేదన్నారు. రోజూ వచ్చి హాజరు వేయించుకోవాలన్న మాట నోటీసు కింది భాగంలో ఉందట. కుర్రవాడు అంతవరకు దించలేదు. అయినా తప్పు కుర్రవాడిది కాదు. ‘లే ఆఫ్’కు చట్టంలో ఏ అర్థముందో తెలిసినవాడికి ఆ కింది భాగం అక్కర్లేదు.

‘మీకింగిలీసొచ్చు కదాని మీ మాట నమ్మినాను మాస్టారూ’ అన్నాడాయన. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేనివ్వబోయిన డబ్బు ముట్టుకోలేదు.

ఆ నెలే నేను విశాఖపట్నం వెళ్ళి పారిశ్రామిక వివాదాల చట్టం పుస్తకం కొన్నాను. అది 1947 నాటి చట్టం. ‘లే ఆఫ్’కు నిర్వచనం మాత్రం 1953 సవరణలో వచ్చింది. ఇంగ్లీషు మాస్టరుగా నేను చదివిన వాక్యాల్లో నన్ను ఎక్కువకాలం వెంటాడిన వాక్యం షేక్స్పియరుది కాదు, అది. బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకు కొరత వల్లనో, సరుకు పేరుకుపోయినందువల్లనో, యంత్రం చెడినందువల్లనో, మస్టరులో పేరున్న, రిట్రెంచి చేయని కార్మికుడికి యజమాని పని ఇవ్వడంలో విఫలం కావడం, ఇవ్వ నిరాకరించడం, ఇవ్వలేకపోవడం - ఇదీ ‘లే ఆఫ్’.

వాక్యంలో కర్త ఎవరో చూడండి. యజమాని. వైఫల్యం ఎవరిది? యజమానిది. కార్మికుడికి ఏదో జరిగిందని ఆ నిర్వచనం అనదు. యజమాని ఒక పని చేయలేదని అంటుంది. ‘లే ఆఫ్’ అన్న క్రియలో పెట్టేవాడు, పెట్టబడేది అని చెప్పానే, అందులో కార్మికుడు పక్కన పెట్టిన వస్తువు. నిర్వచనంలో అతడు పని కోసం వచ్చి నిలబడ్డ మనిషి. ఒకే మాటకు వాడుకలో ఉన్న బొమ్మ వేరు, చట్టం గీసిన బొమ్మ వేరు. ఏ నిఘంటువులోనూ నాకు ఈ తేడా కనబడలేదు.

ఆ నిర్వచనానికి ఒక వివరణ కూడా ఉంది. కార్మికుడు షిఫ్టు వేళకు హాజరైన తరువాత 2 గంటలలోపు పని ఇవ్వకపోతే ఆ రోజుకు అతడు ‘లే ఆఫ్’ అయినట్టు. షిఫ్టు రెండో సగానికి రమ్మంటే సగం రోజుకే ‘లే ఆఫ్’. రెండో సగానికి వచ్చాక కూడా పని ఇవ్వకపోతే ఆ సగానికి పూర్తి జీతం ఇవ్వాలి. ఒక క్రియకు అర్థాన్ని గంటల్లో కొలిచి చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. దాని వెనక గేటు బయట ఎండలో నిలబడ్డవాళ్ళ గంటలున్నాయి.

పరిహారం మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం. 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే ఫాక్టరీ, గని, తోట అయి ఉండాలి. కార్మికుడు కనీసం ఏడాది పాటు ఎడతెగని సర్వీసు చేసి ఉండాలి. బదిలీ కార్మికుడికి, అంటే ఇంకొకడు రాని రోజున అతని బదులు పనిచేసేవాడికి, ఇది లేదు. రోజుకు ఒక్కసారైనా నిర్ణీత వేళకు గేటు దగ్గర కనబడనివాడికీ లేదు. మా ఎదురింటాయన పదహారు రోజుల డబ్బు పోయింది ఈ చివరి మాట దగ్గరే. 45 రోజులు దాటితే ఇంకొక మెలిక ఉంది. అప్పుడు యజమాని కావాలంటే రిట్రెంచి చేయవచ్చు. ఇచ్చిన సగం జీతాలను రిట్రెంచిమెంటు పరిహారంలోంచి మినహాయించుకోనూ వచ్చు. అంటే తాత్కాలికం అన్న అర్థం వెనక తలుపు చాటున శాశ్వతం అన్న అర్థం నిలబడి ఉందన్నమాట.

కాబట్టి గేటుకు అంటించిన కాగితం మీద ఏ మాట ఉందన్నది కార్మికుడికి పాండిత్య విషయం కాదు, ఆ నెల బియ్యం విషయం. ‘లే ఆఫ్’ అంటే సగం జీతం. ‘రిట్రెంచిమెంట్’ అంటే ఒక నెల నోటీసు, పనిచేసిన ఒక్కొక్క ఏడాదికి 15 రోజుల జీతం. ‘లాకౌట్’ చట్టబద్ధమని తేలితే ఏమీ లేదు. తెలుగు పత్రికలు ఈ మూడింటికీ ‘మిల్లు మూత’ అని ఒకే శీర్షిక పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

నిర్వచనంలో కారణాల జాబితా చివర మొదట్లో ‘మరి ఏ ఇతర కారణం వల్లనైనా’ అని ఉండేది. 1984 సవరణలో ప్రకృతి వైపరీత్యాన్ని చేర్చి, ‘సంబంధిత’ అన్న విశేషణం కూడా తగిలించారు. ‘మరి ఏ ఇతర సంబంధిత కారణం’ అయింది. ఒక్క విశేషణం! వ్యాకరణం బోధించేవాడికి దాని విలువ చెప్పనక్కరలేదు.

ఆ జాబితాలో నాకు ఎప్పుడూ మింగుడుపడని కారణం ఒకటుంది: సరుకు పేరుకుపోవడం. ముడిసరుకు లేకపోతే పని లేదంటే అర్థమవుతుంది. కరెంటు లేకపోతే మగ్గం తిరగదు. కానీ నువ్వు నేసిన గోనె గోదాములో ఎక్కువైంది కాబట్టి నీకు ఇవాళ పని లేదు అనడంలో, ఎక్కువ పని చేయడమే పని పోవడానికి కారణమైంది. దీనికి అర్థశాస్త్రం వివరణ అర్థశాస్త్రం చెబుతుంది. నేను భాష సంగతి మాత్రమే చెబుతున్నాను. ఆ వాక్యంలో సరుకు దానంతట అదే పేరుకుపోతుంది, వాన నీరు పల్లానికి చేరినట్టు. ఎంత తయారు చేయాలో నిర్ణయించినవాడు ఆ వాక్యంలో ఎక్కడా కనబడడు.

ఒక మాట ఇక్కడ చెప్పి ముందుకు వెళతాను. 1976లో ఈ చట్టంలో ఒక అధ్యాయం చేర్చి, 300 మందికి తగ్గకుండా ఉన్న ఫాక్టరీలు, గనులు, తోటలలో ‘లే ఆఫ్’కు ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలన్నారు. కరెంటు కొరత, ప్రకృతి వైపరీత్యం వంటివాటికి మినహాయింపు ఉంది. 1982 సవరణ ఆ 300ను 100కు దించింది. పార్లమెంటు 2020లో ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని మళ్ళీ 300కు ఎత్తింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి రావడంతో 1947 చట్టం పక్కకు పోయింది. ‘లే ఆఫ్’ నిర్వచనం మాత్రం దాదాపు పాత మాటలతోనే కోడ్‌లోకి వచ్చింది. మాట అదే. దాని ఏలుబడి కిందికి వచ్చే గేట్ల సంఖ్య మారింది.

ఇప్పుడు మన తెలుగులో ఈ మాట ఏమైందో చూద్దాం. మనం ఇంగ్లీషు క్రియను ఊరికే తెచ్చుకోలేం. ‘చేయు’ అనో ‘అవు’ అనో ఒక చెయ్యి ఆసరా ఇవ్వాలి. ‘ఫోను చేశాడు’, ‘ఫెయిలయ్యాడు’. ‘లే ఆఫ్’కు రెండూ ఉన్నాయి. మిల్లు కార్మికులు ‘లే ఆఫ్ చేసినారు’, ‘లే ఆఫ్ ఇచ్చినారు’ అనేవారు. ఆ చివరి ‘రు’లో చేసినవాడున్నాడు. పేరు చెప్పకపోయినా ఎవరో ఉన్నారని ఆ ప్రత్యయం సాక్ష్యం చెబుతుంది. నేటి హైదరాబాదు సాఫ్ట్‌వేరు కుర్రవాళ్ళు ‘లే ఆఫ్ అయింది’, ‘లే ఆఫ్ అయ్యాను’ అంటున్నారు. జ్వరం వచ్చింది, వాన పడింది, లే ఆఫ్ అయింది. చేసినవాడు మాయమయ్యాడు. పత్రికలవాళ్ళు ఇంకొక అడుగు వేసి ‘లే ఆఫ్‌లకు గురయ్యారు’ అని రాస్తున్నారు. మనం దేనికి గురవుతాం? వ్యాధికి, ప్రమాదానికి, భూకంపానికి. ‘చేశారు’ అని రాయడానికి అక్షరాలు కూడా తక్కువే పడతాయి.

పత్రికలకు ఇష్టమైన ఇంకొక మాట ‘ఉద్వాసన’. ‘500 మందికి ఉద్వాసన’ వంటి శీర్షికలు చూస్తుంటాం. ఇది పూజ నుంచి వచ్చిన మాట. పూజ ముగిశాక, ప్రతిమలోకి ఆవాహన చేసిన దేవతను సగౌరవంగా సాగనంపడం ఉద్వాసన. వినాయకచవితికి అందరిళ్ళలోనూ జరిగేదే. కానీ అక్కడ దేవుణ్ణి పంపేటప్పుడు మళ్ళీ రమ్మని చెప్పి పంపుతారు. శీర్షికలు రాసే మిత్రులు ఆ రెండో సగం వదిలేశారు. నిజానికి పాత ‘లే ఆఫ్’కు సరైన తెలుగు ఉద్వాసనే! పిలుపు అందులోనే ఉంది. తీరా చూస్తే ఈ మాటకూ అమెరికాలో ‘లే ఆఫ్’కు పట్టిన గతే పట్టింది. తిరిగి పిలవడమన్నది రెండింటి నుంచీ జారిపోయింది.

దీనికి ఎదురుగా నిలబడే క్రియలు ఇంగ్లీషులో లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో సమ్మెను ‘టర్న్ అవుట్’ అనేవారు. మిల్లు కార్మికులు బయటికి రావడం. ఎలిజబెత్ గాస్కెల్ 1854, 55లలో ధారావాహికంగా రాసిన ‘నార్త్ అండ్ సౌత్’ నవలలో ఆ మాట ఆ అర్థంలో కనిపిస్తుంది. అదే ‘టర్న్ అవుట్’కు అద్దెకున్నవాణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టడం అన్న అర్థమూ ఉంది. కర్త కార్మికుడైతే సమ్మె, కర్త ఇంటి యజమాని అయితే గెంటివేత. ఇప్పుడు ఆ మాట ఎన్నికల్లో ఓటు వేయడానికి వచ్చినవారి సంఖ్యకు ఎక్కువగా మిగిలింది.

మళ్ళీ మా ఎదురింటాయన దగ్గరికి వస్తాను. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డాడు. ఆయన కొడుకు మిల్లులో చేరలేదు, చిన్న దుకాణం పెట్టుకున్నాడు. మనవడు ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళాడు. ఆ కుర్రవాడికి ఏడో తరగతిలో ఇంగ్లీషు చెప్పింది నేనే. 2023 ఆరంభంలో ఒకరోజు కోడలు కళ్ళు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చి, బాబుకు లే ఆఫ్ అయిందట, మావయ్యగారేమో ఏమీ పట్టనట్టు కూర్చున్నారు, మీరొక్కసారి వచ్చి మాట్లాడండి అంది.

వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

‘ఆళ్ళకి తెలీదు మాస్టారూ, ఊరికే బెంగెట్టుకుంతన్నారు. లే ఆఫే కదా, తీసీలేదు కదా. మస్టర్ల పేరుంటది. సగం జీతం వస్తది. రోజూ ఏలకి గేటుకాడికెల్లి కనపడమని సెప్పండి ఆడికి. మీరు సెప్తే ఇంటాడు.’

నలభై రెండేళ్ళ కిందట నా తప్పు నుంచి ఆయన నేర్చుకున్న పాఠం అది. దాన్ని అక్షరం పొల్లు పోకుండా జ్ఞాపకం పెట్టుకున్నాడు. ఈసారి నేను నిఘంటువు తెరవలేదు. ఆ రాత్రి కుర్రవాడికే ఫోను చేసి అడిగాను. వివరంగా చెప్పాడు. తిరిగి పిలవడం అంటూ ఉండదు. కంపెనీ కొన్ని నెలల జీతం ఇచ్చి పంపేస్తుంది. అదీ కంపెనీ ఇష్టం. అతనిది హెచ్-1బి వీసా. ఉద్యోగం ఆగిన నాటి నుంచి 60 రోజుల గడువు. 2017 నుంచి ఉన్న నిబంధన అది. వీసా గడువు అంతకు ముందే తీరిపోతే ఆ 60 రోజులు కూడా ఉండవు. ఈలోగా ఇంకొక కంపెనీ అతని తరఫున దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే హోదాకు మారాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ మాట తాతకు చెప్పవద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. చెప్పవలసినదంతా, ఆ ఒక్కటి తప్ప, నెమ్మదిగా చెప్పాను. మస్టరు లేదని, హాజరు లేదని, ఈ ‘లే ఆఫ్’ అంటే తీసేయడమేనని. నేను 1981లో చెప్పిన అర్థమే. అప్పుడు తప్పు, ఇప్పుడు ఒప్పు. ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. నన్ను నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నాడనిపించింది.

‘నోటీసు గేటుకంటించినారా?’ అని అడిగాడు చివరికి.

లేదని చెప్పాను. పొద్దున్న కంప్యూటరు తెరవబోతే తెరుచుకోలేదట.